గాడిద టోపీ

మార్చి 3, ఆదివారం

పెళ్ళయి మూడు వారాలు. ఈ ఇంట్లో నాకంటూ ఒక కుర్చీ, ఒక హ్యాంగరు, ఒక టవలు ఏర్పడ్డాయి. బీరువాలో సగం అర కూడా ఇచ్చారు. నలభై తొమ్మిదేళ్ళు ఒంటరిగా బతికినవాడికి ఇదే ఎక్కువ. డైరీ రాసుకోవడానికి మాత్రం చోటు దొరకలేదు. బాత్రూంలో బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని రాస్తున్నాను.

సాయంత్రం టీ అయ్యాక పేక తీశారు. ఆదివారం సాయంత్రం పేకాట ఈ ఇంటి అలవాటట. రెండేళ్ళుగా ఆగిపోయిందట, మళ్ళీ మొదలుపెడుతున్నారట. నన్ను కూడా కూర్చోమన్నారు. ఆ 'కూడా' కాస్త గుచ్చుకుంది కానీ కూర్చున్నాను.

మొత్తం నలుగురం. మా ఆవిడ. (ఈ రెండు మాటలు రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.) ఆవిడ కూతురు, పద్నాలుగేళ్ళ పిల్ల. ఏ ఆటైనా తప్పొప్పులు తేల్చేది తనే కాబట్టి ఇంట్లో అందరూ జడ్జి అంటారు. ఇక నాలుగో మనిషి ఆవిడ మామగారు, అంటే చనిపోయిన మొదటి భర్తకి తండ్రి. ఆయన నాకేమవుతారో ఇంతవరకూ తేలలేదు. మనకి వేలువిడిచిన మేనత్తలకి కూడా మాటలున్నాయి, దీనికి లేదు. ఇక్కడ పెద్దాయన అని రాసుకుంటున్నాను. ఎదురుపడితే 'ఏమండీ' అంటున్నాను, కొత్త పెళ్ళికూతురిలా.

ఆట పేరు గాడిద. చిన్నపిల్లలకి కూడా వచ్చేదే. ముక్కలన్నీ పంచేస్తారు. ఒకరు ఏ రంగు వేస్తే అందరూ ఆ రంగే వెయ్యాలి. అందరూ వేస్తే ఆ కుప్ప చచ్చినట్టు, పక్కకి తోసేస్తారు. పెద్ద ముక్క వేసినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టాలి. ఎవరి దగ్గరైనా ఆ రంగు లేకపోతే వేరే రంగుతో కొయ్యొచ్చు. కోస్తే, పెద్ద ముక్క వేసిన పాపానికి ఆ కుప్పంతా వాళ్ళు ఎత్తుకోవాలి. చేతులు ఖాళీ చేసుకున్నవాళ్ళు బయటపడ్డట్టు. చివరికి ఎవరి చేతిలో ముక్కలు మిగిలితే వాళ్ళు గాడిద.

ఈ ఇంట్లో ఒక వెసులుబాటు కూడా ఉంది. కొయ్యడం ఇష్టం లేకపోతే 'వదిలేశా' అనొచ్చు. అప్పుడు కోత లేదు, వేసిన ముక్కలు చచ్చినట్టే. చేతికొచ్చిన కోతని ఎవరైనా వదులుకుంటారా అని అడిగాను. పిల్ల ముక్కలు కలపడం మొదలుపెట్టింది.

గాడిద అయినవాళ్ళు టోపీ పెట్టుకుని గిన్నెలు తోమాలి. వంటింటి తలుపు వెనక మేకుకి ఉంటుంది ఆ టోపీ. బూడిదరంగు ఉన్ని టోపీకి రెండు నల్ల మేజోళ్ళు చెవుల్లా కుట్టారు. అంతటితో అయిపోదు. మళ్ళీ ఆదివారం దాకా వాళ్ళకి పేరుండదు. ఇంటిల్లిపాదీ గాడిదా అనే పిలుస్తారు.

పిల్ల గాడిద అయింది. ముఖం మాడ్చుకోకుండా టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను రెండోవాడిగా బయటపడ్డాను. బోణీ బాగానే ఉంది.

తలుపు కొడుతున్నారు. పెద్దాయనకి అర్జెంటట.

మార్చి 4, సోమవారం

పొద్దున్నే 'గాడిదా, టైమవుతోంది' అని ఆవిడ కేకేసింది. నేనూ గబగబా చెప్పులేసుకున్నాను. నన్ను కాదు.

మార్చి 10, ఆదివారం

ఈ రోజు జడ్జిగారిని నేనే కోశాను. ఒకసారి కళావరు రాజు మీద, ఇంకోసారి డైమను ఆసు మీద. రెండు కుప్పలూ నోరెత్తకుండా ఎత్తుకుంది. మళ్ళీ తనే గాడిద.

నాకు పేకలో చెయ్యి తిరిగిందని ఇన్నాళ్ళూ తెలియదు. తెలిసే అవకాశం ఏదీ, గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఎవరితో ఆడతాను. కాస్త హుషారొచ్చి, తోముతున్న పిల్ల దగ్గరికెళ్ళి వచ్చే వారం చూసుకుందాం అన్నాను. చూసుకుందాం అంకుల్ అంది. మర్యాదగానే అంది. బ్యాంకు కౌంటర్లో అమ్మాయి కూడా నాతో అలాగే మాట్లాడుతుంది.

నేను ముందుగదిలోకి వచ్చాక వంటింట్లో తల్లీకూతుళ్ళు ఏదో అనుకుని నవ్వుకున్నారు. నీళ్ళకోసం మళ్ళీ వెళ్ళాను. నవ్వు ఆగిపోయింది. నిజానికి నాకు దాహం లేదు. ఆ గ్లాసు నీళ్ళూ అక్కడే నిలబడి తాగాల్సి వచ్చింది.

మార్చి 13, బుధవారం, లంచ్ టైము

ఇక నుంచి వీలైనప్పుడల్లా ల్యాబ్‌లోనే రాసుకుంటాను. పెద్దాయన నా బకెట్టు కనిపెట్టేశారు.

పన్నెండింటికల్లా రెండు కింది వరసలు మైనంలో అమర్చాను. కట్టుడు పళ్ళు చెయ్యడం నా పని. ఇక్కడికి మనుషులు రారు, వాళ్ళ నోళ్ళు వస్తాయి, ప్లాస్టర్ అచ్చుల్లో. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో సగంమంది నా పళ్ళతోనే నములుతున్నారు. వీధిలో ఒక్కరూ నన్ను గుర్తుపట్టరు. నేను మాత్రం వాళ్ళు నోరు తెరిస్తే గుర్తుపడతాను.

ఆవిడది పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ పని. అచ్చుల పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళేది. నిరుడు ఓ రోజు నా లంచ్ బాక్స్‌లోకి తొంగిచూసి, రోజూ అదే కూరా అని అడిగింది. అవునన్నాను. అలా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అక్కడ మొదలైంది.

పళ్ళ పని చేసేవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎవరు నవ్వినా ఎంతవరకు కనిపిస్తున్నాయో చూస్తాడు. మర్యాదకి నవ్వితే ముందు పళ్ళు కనిపిస్తాయి, అంతే. నిజంగా నవ్వితే కోరలు దాటి దవడ పళ్ళదాకా తెలుస్తాయి. ఆ పిల్ల ముందు పళ్ళు నాకు కంఠతా వచ్చేశాయి. అక్కడి నుంచి లోపలికి ఒక్కటి కూడా చూడలేదు.

వాళ్ళ మూడు బ్రష్షులూ ఒక గ్లాసులో ఉంటాయి. నాది కిటికీ మీద, విడిగా. ఎవరూ పెట్టమనలేదు, నేనే పెట్టుకున్నాను. తీసి ఇందులో పెట్టుకో అని కూడా ఎవరూ అనలేదు.

మార్చి 17, ఆదివారం

మళ్ళీ పిల్లే.

ఆట అయ్యాక సరదాకి ఆ టోపీ మేకు మీద నుంచి తీసి, ఈసారి నేను పెట్టుకోనా, గిన్నెలు నేను తోముతాను అన్నాను. ఎవరూ నవ్వలేదు. పిల్ల వచ్చి నా చేతిలోంచి టోపీ తీసుకుంది. లాక్కోలేదు. గాజు గ్లాసు తీసుకున్నట్టు రెండు చేతులతో తీసుకుంది. ఓడింది నేను కదా అంకుల్ అని తలకి పెట్టుకుంది.

తర్వాత ఆవిడ గదిలోకొచ్చి చెప్పింది. ఆ టోపీ కుట్టింది ఆయనట. పిల్ల వాళ్ళ నాన్న. పిల్లకి ఐదేళ్ళప్పుడు, తన మేజోళ్ళే కత్తిరించి కుట్టాడట.

అప్పుడు అర్థమైంది నాకు. ఈ పిల్ల ఎవరు ఏ ముక్క వేసినా గుర్తుపెట్టుకుంటుంది. పోయిన వారం ఎవరు ఏది కోశారో కూడా చెబుతుంది. అలాంటిది వరసగా మూడు వారాలు ఓడిపోవడమేమిటి? నన్ను ఓడించే అవకాశాలు ఎన్ని వచ్చాయో ఇప్పుడు లెక్క తెలుస్తోంది. ప్రతిసారీ 'వదిలేశా' అంది. తను ఓడినా ఫర్వాలేదు, వాళ్ళ నాన్న టోపీ నా తల మీదికి రాకూడదు. అదీ సంగతి.

తప్పు పట్టను. నాన్న టోపీ. ఎవరో పళ్ళు చేసే ఆయన నెత్తిన ఎందుకు పెట్టాలి.

కానీ ఒళ్ళు మండింది. రాయకపోతే అబద్ధమవుతుంది.

మార్చి 19, మంగళవారం

పాత గది ఉన్న వీధిలోంచి వెళ్ళాను. కిటికీకి వేరే కర్టెను. అంత పెద్ద విషయమేమీ కాదు, అయినా ఎదురుగా కాసేపు నిలబడ్డాను.

మార్చి 24, ఆదివారం

ఈ రోజు కావాలని ఓడిపోవాలని కూర్చున్నాను. పంతం పట్టుకుంది నాకు. ఒక్కసారి ఆ టోపీ నా నెత్తిన పెట్టనీ, వారం రోజులు గాడిద అని పిలవనీ. గాడిద అంటే ఇంట్లో మనిషి అన్నట్టే కదా. పరాయివాణ్ణి ఎవరూ గాడిద అనరు, అంకుల్ అంటారు.

పెద్ద ముక్కలన్నీ ముందే వేశాను, కోతకి తల ఒగ్గి. పిల్ల దగ్గర ఆఠీను లేదని ఖాయంగా తెలుసు. అయినా వదిలేశా అంది. కళావరులోనూ అంతే. ఆవిడ కూడా కూతురి ముఖం చూసి వదిలేశా అంది. పెద్దాయన కట్టుడు పళ్ళు టకటకలాడించారు. ఓడిపోదామని కూర్చున్నవాణ్ణి అందరికంటే ముందు బయటపడ్డాను.

ఖాళీ చేతులతో కూర్చుని మిగతా ముగ్గురూ ఆడుకోవడం చూశాను. ఈ ఆటలో గెలిచినవాడికి దక్కేది అదే. మిగిలినవాళ్ళు ఆడుతుంటే చూడటం.

పైన మేడ మీదికి వెళ్ళి ట్యాంకు పక్కన చీకటి పడేదాకా కూర్చున్నాను. గదిలో ఒక్కణ్ణే ఉన్న రోజుల్లో ఒంటరిగా ఉందని నాకెప్పుడూ అనిపించలేదు. అక్కడ ఇంకెవరూ లేరు కాబట్టి ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఇక్కడ అలా సరిపెట్టుకోవడానికి లేదు.

మార్చి 27, బుధవారం

ముఖ్యమైనది రాయాలి.

పెద్దాయన పళ్ళు వదులైపోయాయి. మాట్లాడితే టకటక, తింటే చిగుళ్ళు పుండు. ఎవరు చేశారో కానీ చేతకాని పని. కొత్తవి నేను చేస్తాను, క్లినిక్‌లో అచ్చు ఇస్తే చాలు అన్నాను. అక్కర్లేదన్నారు మొదట. ఆవిడ నచ్చజెప్పింది. ఈ రోజు సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను.

అచ్చు తీశాక బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన పళ్ళు జేబులో ఉన్నాయి. పళ్ళు లేని నోటితో ఉన్నట్టుండి మాట్లాడటం మొదలుపెట్టారు. సగం మాటలు గాలికి పోతున్నాయి. నాకు ఆ భాష అలవాటే.

జడ్జి ఓడిపోతోందనుకుంటున్నావా అని అడిగారు. కాదు, నన్ను టోపీ ముట్టుకోనివ్వకూడదని కావాలని ఓడుతోంది అన్నాను. నా వంక అదోలా చూశారు. బుర్ర ఉందా అన్నట్టు.

ఆయన చెప్పింది ఇది.

వాళ్ళబ్బాయి స్కూలు బస్సు నడిపేవాడు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆటలో పిల్ల వాళ్ళ నాన్నని కోసింది. చివరి కోత. నాన్న గాడిద అయ్యాడు. ఇల్లంతా ఒకటే నవ్వు. ఆ వారమంతా గాడిదా గాడిదా అని పిలిచింది. గురువారం పొద్దున ఆయన బయల్దేరుతుంటే మేడ మీద నుంచి చెయ్యి ఊపి 'టాటా గాడిదా' అంది. సాయంత్రం పిల్లలందర్నీ ఇళ్ళ దగ్గర దింపేసి, ఖాళీ బస్సు పక్కకి ఆపి, స్టీరింగు మీద తల వాల్చాడు. గుండె. ఇక లేవలేదు.

ఆట ఆగిపోయింది. నేను వచ్చాక ఆవిడే మళ్ళీ మొదలుపెడదామంది, టేబుల్ చుట్టూ నలుగురూ కూర్చుంటే ఇల్లులా ఉంటుందని. పిల్ల వద్దనలేదు. ముక్కలు తనే తీసుకొచ్చి కలిపింది. కానీ ఇంకెవర్నీ గాడిదగా గుమ్మం దాటనివ్వదు. వాళ్ళ నాన్న పోయిన కొత్తల్లో ఒకసారి, నేను ఈ ఇంటికి రాకముందు, తాతా మనవరాలు ఇద్దరే ఆడుకుంటే పెద్దాయన ఓడిపోయారట. వారమంతా నిద్రలో లేచి వచ్చి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదట, ఊపిరి ఉందా అని. అప్పటి నుంచి ప్రతి ఆటలోనూ తనే గాడిద.

పెద్దాయన చివరికి అన్నది ఆయన మాటల్లోనే రాస్తాను.

"నేను గాడిదనై బతికినా దానికి లెక్కలోకి రాదు. నేను ఇంట్లోంచి కదలను కదా. ఎవరైనా గాడిదగా బయటికెళ్ళి, పని చేసుకుని, సాయంత్రం తిరిగిరావాలి. వాళ్ళమ్మని పంపిస్తే అది తట్టుకోలేదు."

అంతే అని జేబులోంచి పళ్ళు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

నన్ను అడుగుతున్నారని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సరైన మనిషినే పట్టుకున్నారు. ఆ పిల్లకి పోయినా ఫర్వాలేని మనిషి ఒకడు కావాలి. ఈ ఇంట్లో ఆ అర్హత ఉన్నది నాకొక్కడికే.

మూడు వారాలు ఆ పిల్లని కోసి కోసి మురిసిపోయాను. ఒక్కో వారం ఏం భయపడుతూ స్కూలుకి వెళ్ళిందో.

మార్చి 31, ఆదివారం

ఆట లేదు. పిల్లకి జ్వరం. కిందటి వారమూ తనే గాడిద కాబట్టి ఈ వారమూ తనే.

మామూలు జ్వరమే అన్నాడు డాక్టరు. ఆవిడ పక్కనే పడుకుంది. పెద్దాయన కుర్చీ లాక్కుని కాళ్ళ దగ్గర కూర్చున్నారు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడి నుంచి లోపలికి వెళ్ళొచ్చో లేదో తెలియలేదు. పిల్ల కళ్ళు తెరిచే ఉంది. ఈ జ్వరం తగ్గిపోతుందా అని అడిగింది, ఎవరినని కాకుండా. తగ్గుతుందమ్మా అన్నాం ముగ్గురమూ ఒకేసారి. నా గొంతు కూడా వినపడిందో లేదో.

గ్లాసు గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాను.

ఏప్రిల్ 3, బుధవారం

జ్వరం తగ్గింది. పెద్దాయన కింది వరస అమర్చాను. నా బల్ల మీద ఆయన నోరు తెరుచుకుని నా వైపే చూస్తోంది. ఏం చేస్తావో చూస్తా అన్నట్టుంది.

ఏప్రిల్ 7, ఆదివారం

అయింది.

ఆవిడ ముందు బయటపడింది, తర్వాత పెద్దాయన. మిగిలింది నేనూ పిల్లా. తన చేతిలో చాలా ముక్కలున్నాయి, నా దగ్గర ఏడో ఎనిమిదో. నేనేం వేసినా దాని మీద పెద్దది వేసి, మొదలుపెట్టే వంతు తన దగ్గరే ఉంచుకుంటోంది. మొదలుపెట్టేవాళ్ళకే కదా కోత పడేది. నేను కోస్తే కుప్ప ఎత్తుకుని ఓడిపోవచ్చని తన లెక్క. దొరికిన కోతని నేనెప్పుడూ వదల్లేదు కాబట్టి ఆ లెక్క తప్పే అవకాశం లేదు.

తను ఇస్పేటు వేసింది. నా దగ్గర లేదు. వదిలేశా అన్నాను. తల ఎత్తి చూసింది. కళావరు వేసింది. వదిలేశా. వేసిన ముక్క వేసినట్టు చచ్చిపోతోంది. తన చేతిలో ముక్కలు తరిగిపోతున్నాయి. ఉన్న రంగు కూడా లేదన్నానేమో అని అనుమానం వచ్చి ముక్కలు చూపించమంది. చూపించాను. అన్నీ డైమను ముక్కలే. జడ్జిగారికి పట్టుకోవడానికి తప్పేమీ దొరకలేదు.

చివరికి తన చేతిలో ఒక్క ముక్క. ఆఠీను రాణి. అది వెయ్యకుండా పట్టుకుని కూర్చుంది. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది. పెద్దాయన టీవీ చూస్తున్నట్టు నటిస్తున్నారు, టీవీ ఆఫ్‌లో ఉంది.

వెయ్యక తప్పదు కాబట్టి వేసింది. చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"మీ దగ్గర ఆఠీను లేదు, నాకు తెలుసు. కొయ్యండి అంకుల్."

కొయ్యనన్నాను.

"కొయ్యండి. ప్లీజ్. మీకేం తెలీదు."

"తెలుసమ్మా. తాతయ్య చెప్పారు. వదిలేశా."

ముక్క వదిలి లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నా చేతిలో డైమను ముక్కలు అలాగే ఉన్నాయి. ఈ ఇంట్లో మొదటిసారి ఓడిపోయాను. గెలిచినట్టు అనిపించలేదు. చిన్నపిల్లని ఏడిపించిన పెద్దమనిషినయ్యాను, అంతే.

టోపీ నేనే తీసి పెట్టుకున్నాను. చిన్నదైంది. గిన్నెలు తోముతుంటే ఆవిడ పక్కకొచ్చి నిలబడి, నా తల మీద మేజోడు చెవిని వేళ్ళతో సవరించింది. ఒక చెవి వంకరగా కుట్టాడు, ఎంత చెప్పినా మళ్ళీ కుట్టలేదు అంది. ఆయన గురించి నాతో ఆవిడ అలా మాట్లాడటం ఇదే మొదలు. కాసేపు నా భుజానికి ఆనుకుంది. గిన్నెల చప్పుడు ఆపలేదు నేను, పిల్లకి వినపడుతుందని.

ఏప్రిల్ 8, సోమవారం, లంచ్ టైము

పొద్దున ఆవిడ మొహమాటపడుతూ గాడిదా అంది. పెద్దాయనకి మొహమాటమేమీ లేదు. గొంతెత్తి, గాడిదా నా కళ్ళజోడేదీ అని అడిగారు. ఇన్నాళ్ళూ ఆయన నన్ను ఇదిగో అనే పిలిచారు. మాకిద్దరికీ ఒక చుట్టరికం దొరికింది.

నేను మెట్లు దిగుతుంటే పిల్ల మేడ మీద పిట్టగోడ దగ్గర కనిపించింది. చెయ్యి ఊపలేదు. టాటా చెప్పలేదు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అక్కడే ఉంది.

ఇప్పుడే ఓనరు వచ్చి చెప్పాడు. ఎవరో ఆడపిల్ల ఫోన్ చేసి, పళ్ళు చేసే అంకుల్ ఉన్నారా అని అడిగిందట. ఉన్నాడు, పిలవనా అంటే పెట్టేసిందట.

ఏప్రిల్ 9, మంగళవారం

మూడుసార్లు. నా కోసం ల్యాబ్‌కి ఇరవై ఏళ్ళలో ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఓనరు విసుక్కోవాలో కంగ్రాట్స్ చెప్పాలో తెలియక నిలబడ్డాడు.

పోయినా ఫర్వాలేని మనిషికి అన్ని ఫోన్లు రావు కదా అని ఒక ఆలోచన వచ్చింది. పాలిష్ మెషీను ఆన్ చేసి దాన్ని పోగొట్టుకున్నాను. ఆశపడటం నాకు అలవాటు లేదు.

ఏప్రిల్ 11, గురువారం

స్కూలు వదిలాక ల్యాబ్‌కి వచ్చేసింది. ఒక్కతే. బ్యాగు దించి నా బల్ల ఎదుట స్టూలు మీద కూర్చుంది. ఎందుకొచ్చావని అడగలేదు. ఈ రోజు గురువారమని నాకూ తెలుసు.

కాసేపు అటూ ఇటూ చూసింది. అరల నిండా నోళ్ళు. ఇవి ఎవరివి, అవి ఎవరివి అని అడిగింది. పేర్లు తెలియవన్నాను. ఈయన ఎడమవైపే నములుతాడు, ఈవిడ నిద్రలో పళ్ళు నూరుతుంది అని చెప్పాను. తర్వాత వాళ్ళ తాతగారి కొత్త పళ్ళు చూపించాను. పాలిష్ అయిపోయాయి. ఆర్టిక్యులేటర్‌లో పెట్టి ఉన్నాయి, దవడల్లా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. దాన్ని రెండు చేతులతో పట్టుకుని టకటకలాడిస్తూ, గాడిదా నా కళ్ళజోడేదీ అని తాతగారి గొంతుతో అంది.

నవ్వింది. కింద కుడివైపు రెండో దవడ పన్నుకి సిమెంటు ఫిల్లింగ్ ఉంది. ఈ రోజే చూశాను.

అంతలోనే ఆపేసి గోడ గడియారం చూసింది. ఆ తర్వాత నవ్వలేదు. నేను పని చేసుకుంటూనే ఉన్నాను. దగ్గు వస్తే ఆపుకున్నాను, భయపడుతుందేమోనని. ఓనరు తాళాలు పట్టుకుని వచ్చాడు, ఇంకాసేపు ఉంటామని చెప్పాను. ముల్లు ఏ అంకె దాటాలో తనకే తెలుసు. నేను అడగలేదు. వేళ్ళు బల్ల అంచు పట్టుకుని తెల్లబడ్డాయి.

దాటినట్టుంది. పెద్దగా ఊపిరి వదిలి, కళ్ళు మోచేత్తో తుడుచుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"సరే గాడిదా, ఇంటికెళ్దాం."

లైట్లు ఆర్పడానికి వెళ్ళినట్టు వెళ్ళి, స్విచ్ దగ్గర కాస్త నిలబడి వచ్చాను.

రోడ్డు దాటేటప్పుడు నా చొక్కా చెయ్యి పట్టుకుంది. నన్ను దాటించడానికి.

ఏప్రిల్ 14, ఆదివారం, సాయంత్రం

వారం గడిచింది. గాడిద బతికే ఉంది.

ముక్కలు పంచేశారు. బాత్రూం తలుపు కొడుతున్నారు. పిలుస్తున్నారు, పేరు పెట్టి కాదు.